ఉక్కు నగరంలో వెల్డింగ్: అతుకును నిలిపేదేమిటి, అతికేవారిని కాపాడేదేమిటి

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నదిని దాటి ఆవలి ఒడ్డుకు చేరితే ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ మొదలవుతుంది. చీకటి పడ్డాక ఆ దారిన వెళ్లేవారికి రేకుల షెడ్ల సందుల్లోంచి నీలి వెలుగు మెరిసి మాయమవుతూ కనిపిస్తుంది. చాలామంది అప్రయత్నంగానే ముఖం పక్కకు తిప్పుకొని నడుస్తారు. ఆ వెలుగును చూడకూడదని తెలుగు ఊళ్లలోనూ పెద్దలు పిల్లలను హెచ్చరిస్తూనే ఉంటారు. ఎందుకు చూడకూడదు, రోజంతా దాని ముందే కూర్చొని పనిచేసేవారి సంగతేమిటి అన్న ప్రశ్నలు మాత్రం అంతగా ఎవరికీ తట్టవు.

జార్ఖండ్‌లోని ఈ నగరం పుట్టిందే ఉక్కు కోసం. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట ఉన్న సాక్చి అనే పల్లె దగ్గర కర్మాగారం లేచింది. 1912లో అక్కడ ఉక్కు ఉత్పత్తి మొదలైంది. 1919లో అప్పటి వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. ఆ కర్మాగారాన్ని ఆశ్రయించుకొని గొట్టాలు, తీగలు, రేకులు, వాహనాలు తయారుచేసే పరిశ్రమలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం తరలివచ్చారు. వారిలో తెలుగువారూ గణనీయంగా ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వంటివి ఆ వలసకు ఈనాటికీ ఆనవాళ్లుగా నిలిచి ఉన్నాయి.

ఉక్కును తయారుచేయడం ఒక ఎత్తు, దానిని అతికి నిలబెట్టడం మరొక ఎత్తు. కర్మాగారం నుంచి పలకగానో, కడ్డీగానో, గొట్టంగానో బయటికి వచ్చే ఉక్కు వంతెనగానో, జలాశయం గేటుగానో, కొలిమిగానో మారాలంటే ముక్కకు ముక్కను కలపాలి. ఆ కలిపే విద్యలో గత వంద సంవత్సరాలలో వచ్చిన మార్పును అర్థం చేసుకోవడానికి జంషెడ్‌పూర్ ఉక్కుతోనే నిలబడిన ఒక పాత వంతెన ఉపయోగపడుతుంది.

రివెట్టు కాలం

కోల్‌కతాలో హుగ్లీ నది మీద నిలిచిన హౌరా వంతెనకు, అంటే నేటి రవీంద్ర సేతుకు, సుమారు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. అందులో దాదాపు 23,000 టన్నులు జంషెడ్‌పూర్ నుంచే వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకురావడంతో ఇంగ్లండు నుంచి రావలసిన ఉక్కు ఆగిపోగా, టిస్క్రోమ్ అనే ప్రత్యేకమైన దృఢ ఉక్కును టాటా కర్మాగారం తయారుచేసి పంపింది. 1943 ఫిబ్రవరిలో వంతెన రాకపోకలకు తెరుచుకుంది. అంతటి కట్టడంలో ముక్కలను కలిపింది వెల్డింగ్ కాదు, రివెట్లు. ఎర్రగా కాల్చిన ఉక్కు మేకును రంధ్రంలోకి దూర్చి, రెండో కొసను సుత్తితో కొట్టి పుట్టగొడుగులా పరుస్తారు. చల్లారేటప్పుడు అది కుదించుకొని రెండు పలకలనూ గట్టిగా బిగబట్టుకుంటుంది. ఇదే రివెట్టు పని.

అప్పటికి విద్యుత్ వెల్డింగ్ తెలియని విద్యేమీ కాదు. 1880ల ఆరంభంలోనే నికొలాయ్ బెనార్డోస్ బొగ్గు కడ్డీతో విద్యుత్ చాపాన్ని పుట్టించి లోహాన్ని అతికి చూపించారు. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ షెల్‌బెర్గ్ ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో కడ్డీకి పూత పూసే పద్ధతిని కనిపెట్టారు. పోలెండ్‌లో స్టెఫాన్ బ్రివా రూపకల్పన చేసిన మౌజిట్సే వంతెన పూర్తిగా వెల్డింగ్‌తో కట్టిన తొలి రహదారి వంతెనగా 1929లో వాడుకలోకి వచ్చింది. అయినా పెద్ద కట్టడాల ఇంజినీర్లకు అతుకు మీద పూర్తి నమ్మకం కుదరలేదు. 1938లో బెల్జియంలోని హాసెల్ట్ దగ్గర వెల్డింగ్‌తో కట్టిన వంతెన ఒకటి పగిలి కాలువలో పడిపోయింది.

వారి సందేహం ఎంత సహేతుకమో హౌరా వంతెన తెరుచుకోవడానికి దాదాపు మూడు వారాల ముందే మరోసారి రుజువైంది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ రేవులో కదలకుండా నిలిపి ఉంచిన షెనెక్టడీ అనే కొత్త చమురు నౌక భారీ శబ్దంతో నడిమికి విరిగిపోయింది. తుపాను లేదు, ఢీకొన్న వస్తువు లేదు, చలి మాత్రమే ఉంది. యుద్ధ అవసరాల కోసం ఆ రోజుల్లో వేల సంఖ్యలో నౌకలను వెల్డింగ్‌తో వేగంగా నిర్మించారు. వాటిలో మరికొన్నింటిలోనూ ఇటువంటి పగుళ్లు కనిపించాయి. కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన కాన్‌స్టాన్స్ టిప్పర్, చలి ఒక హద్దు దాటితే ఉక్కు సాగే గుణాన్ని కోల్పోయి గాజులా పెళుసుగా మారుతుందని తేల్చారు. తప్పు ఉక్కుదే గాని అతుకుది కాదని దీని అర్థం కాదు. రివెట్లు కొట్టిన నౌకలో పగులు ఒక పలక అంచుకు చేరితే అక్కడితో ఆగిపోతుంది. వెల్డింగ్ చేసిన నౌకలో పలకలన్నీ ఒకే లోహంగా కలిసిపోయి ఉంటాయి కనుక పగులును ఆపే అంచు ఉండదు. వెల్డింగ్ బలమూ, బలహీనతా రెండూ ఈ ఏకత్వంలోనే ఉన్నాయి.

ఆ గుణపాఠం నుంచే నేటి నియమాలు చాలా వరకు పుట్టాయి. భారతీయ ప్రమాణాల సంస్థ నిర్మాణ ఉక్కుకు రూపొందించిన ఐఎస్ 2062 ప్రమాణంలో ఉక్కు ఎంత బరువు మోయగలదన్నదే కాక, దానిని అతకడం ఎంత సులువో చెప్పే లెక్క కూడా ఉంటుంది. కర్బనం పాలు ఎక్కువైతే అతుకు పక్కనున్న లోహం వేడికి, ఆ వెంటనే చల్లదనానికి గట్టిపడి పెళుసుబారుతుంది. అందుకే కర్బనంతోపాటు మాంగనీసు, క్రోమియం వంటి లోహాల ప్రభావాన్నీ కర్బనంలోకి మార్చి ఒకే సంఖ్యగా లెక్కగట్టి, దానికి గరిష్ఠ పరిమితి విధించారు. చలి ప్రాంతాల్లో వాడే ఉక్కును గంటు పెట్టి, చల్లబరిచి, సుత్తితో కొట్టి పరీక్షిస్తారు.

కడ్డీ కొనన కొలిమి

వెల్డింగ్ యంత్రం చేసే పని వినడానికి సులభంగానే ఉంటుంది. సాధారణ విద్యుత్తులోని వోల్టేజిని తగ్గించి, ప్రవాహాన్ని వంద, రెండు వందల ఆంపియర్ల వరకు పెంచుతుంది. యంత్రం నుంచి ఒక తీగ వెల్డర్ చేతిలోని హోల్డర్‌కు, రెండోది అతకవలసిన ఇనుముకు వెళుతుంది. హోల్డర్‌లో బిగించిన రాడ్డు కొనను ఇనుముకు తాకించి కొద్దిగా వెనక్కి లాగితే, మధ్యనున్న సన్నని ఖాళీలో విద్యుత్తు గాలిని చీల్చుకొని చాపంలా వెలుగుతుంది. అక్కడి వేడి ఆరు వేల డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. ఉక్కు కరగడానికి పదిహేను వందల డిగ్రీలు చాలు. రాడ్డు కొన, ఇనుము అంచు రెండూ కరిగి ఒకే మడుగుగా కలిసి గడ్డకడతాయి.

రాడ్డు మీది పూత అలంకారం కోసం కాదు. అది కాలి పొగగా, వాయువుగా మారి కరిగిన లోహాన్ని గాలి సోకకుండా కప్పుతుంది. మిగిలిన భాగం చిట్టెంగా పైకి తేలి, గడ్డకడుతున్న అతుకు మీద దుప్పటిలా పరుచుకుంటుంది. వెల్డర్ చివర చిన్న సుత్తితో కొట్టి రాల్చేది ఈ చిట్టేన్నే. పొర మీద పొర వేయవలసినచోట దీనిని పూర్తిగా తొలగించకుండా పై పొర వేస్తే చిట్టెం ముక్క లోపలే చిక్కుకుంటుంది. పైకి నున్నగా కనిపించే అతుకు లోపల డొల్లగా ఉండటానికి ఇదొక కారణం.

మరో శత్రువు తేమ. పెద్ద కట్టడాలకు వాడే రాడ్లలో హైడ్రోజన్ తక్కువగా ఉండే రకం ముఖ్యమైనది. వాటి పూత వానాకాలపు గాలిలోని తేమను పీల్చుకుంటే, చాపపు వేడికి ఆ నీరు విడిపోయి హైడ్రోజన్ కరిగిన లోహంలోకి చేరుతుంది. పని పూర్తయి, అందరూ ఇంటికి వెళ్లాక, కొన్ని గంటలకో ఒకటి రెండు రోజులకో అతుకు పక్కన వెంట్రుకవాసి పగులు విచ్చుకుంటుంది. అందుకనే అటువంటి రాడ్లను మూడు వందల డిగ్రీలకు పైబడిన వేడిలో ఆరబెట్టి, పనిచోట చిన్న విద్యుత్ పెట్టెలో వెచ్చగా ఉంచి, ఒక్కొక్కటిగా తీసి వాడాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు తడిసి ముద్దయ్యే ఛోటా నాగపూర్ ప్రాంతంలో ఈ పెట్టె ఉన్న పనిచోటికీ, విప్పిన రాడ్ల కట్టను నేల మీద పడేసే పనిచోటికీ ఉన్న తేడా కంటికి కనిపించదు. అతుకులో మాత్రం తెలుస్తుంది.

చేతి రాడ్డు ఒక్కటే పద్ధతి కాదు. వాహనాల తయారీలో పలుచని రేకులను రెండు రాగి మొనల మధ్య నొక్కి, క్షణకాలం విద్యుత్తు పంపి చుక్కలుగా అతుకుతారు. ఉక్కు పట్టీని గొట్టంగా చుట్టి అంచులను విద్యుత్తు వేడితోనే కలిపే విద్య జంషెడ్‌పూర్ గొట్టాల పరిశ్రమకు దశాబ్దాలుగా పరిచయం. వంతెనల దూలాలకు, మందమైన పలకలకు పొడి కింద చాపం దాగి వెలిగే యంత్ర వెల్డింగ్ వాడతారు. అందులో కాంతి బయటికి కనిపించదు, పొగ తక్కువ, అతుకు ఒకే తీరుగా వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, సన్నని పైపుల వంటి సున్నితమైన పనికి ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే టిగ్ పద్ధతి ఉంది. రైలు పట్టాలను కలపడానికి అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడు రసాయన చర్య నుంచి పుట్టే కరుగు ఇనుమును పోసే థర్మిట్ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

వందల కిలోమీటర్ల అతుకు

నేటి మహా నిర్మాణాలలో వెల్డింగ్ పాలు ఎంతో చెప్పడానికి జమ్మూకశ్మీర్‌లోని చీనాబ్ వంతెన చక్కని ఉదాహరణ. నదీగర్భం నుంచి 359 మీటర్ల ఎత్తున, 1,315 మీటర్ల పొడవున, 467 మీటర్ల కమానుతో నిర్మించిన ఈ రైల్వే వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది. 28 వేల టన్నులకు పైగా ఉక్కు పట్టిన ఈ కట్టడంలో చేసిన వెల్డింగ్ మొత్తం పొడవు సుమారు 584 కిలోమీటర్లని నిర్మాణ సమయంలో ప్రకటించారు. హౌరా వంతెన ముక్కలు తయారైన కాలానికి, ఈ కాలానికి తేడా ఆ ఒక్క సంఖ్యలోనే ఉంది. కొండదారుల్లో పెద్ద భాగాలను తరలించడం సాధ్యం కాదు కనుక నది ఒడ్డునే వర్క్‌షాపులు నెలకొల్పి అక్కడే అతికారు. అతుకుల పరీక్షకు గుర్తింపు పొందిన ప్రయోగశాలను కూడా పనిచోటనే ఏర్పాటు చేశారు. భారతీయ రైల్వేలలో అటువంటి ఏర్పాటు అదే మొదటిసారి.

గోదావరి మీది పోలవరం స్పిల్‌వేలో 48 రేడియల్ గేట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 20 మీటర్ల ఎత్తు, 16 మీటర్ల వెడల్పు. అంత పెద్ద ఉక్కు తలుపు ఒకే పలకగా ఏ కర్మాగారం నుంచీ రాదు. భాగాలుగా వచ్చిన దానిని అతికి నిలబెట్టవలసిందే. వరద పోటెత్తినప్పుడు ఆ నీటి ఒత్తిడిని మోసేవాటిలో ఆ అతుకులూ ఉంటాయి. ఉక్కు కర్మాగారాల్లోని బ్లాస్ట్ ఫర్నేసు సంగతీ అంతే. లోపల కరుగు ఇనుము, విషవాయువు, ఒత్తిడి. బయట మందపాటి ఉక్కు కవచం. ఆ కవచపు పలకలను కలిపేది వెల్డింగే.

ఇన్ని అతుకుల్లో ఏది మంచిదో ఏది చెడ్డదో కంటిచూపుతో పూర్తిగా తేల్చలేరు. రంగు ద్రవం పూసి పైపగుళ్లను, శబ్ద తరంగాలు పంపి లోపలి డొల్లలను, ఇరిడియం వంటి రేడియోధార్మిక పదార్థంతో ఎక్స్‌రే వంటి చిత్రం తీసి చిట్టెపు ముక్కలను పట్టుకుంటారు. ముఖ్యమైన ప్రతి అతుకుకూ ఒక సంఖ్య ఉంటుంది. దానిని ఏ వెల్డర్, ఏ తేదీన, ఏ రకం రాడ్డుతో వేశాడో నమోదవుతుంది. వెల్డర్ కూడా ముందుగా పరీక్ష ముక్కను అతికి చూపాలి. దానిని వంచి, కోసి, పరీక్షించి నెగ్గినవారికే ఆ స్థితిలో, ఆ మందంలో పనిచేసే అర్హత లభిస్తుంది. నేల మీద పెట్టి అతకడం వచ్చినవారికి తలకు మించిన ఎత్తులో అతకడం వచ్చినట్లు కాదు. ఐఎస్ 7310 వంటి ప్రమాణాలు ఈ పరీక్షల పద్ధతిని నిర్దేశిస్తాయి.

కన్ను, ఊపిరి, చర్మం

అతుకును ఇంత శ్రద్ధగా పరీక్షించే వ్యవస్థ, దానిని వేసినవారి శరీరాన్ని అంతే శ్రద్ధగా పట్టించుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. చాపం నుంచి వెలువడేది కంటికి కనిపించే కాంతి మాత్రమే కాదు, అతినీలలోహిత, పరారుణ కిరణాలు కూడా. అతినీలలోహిత కిరణాలు కనుగుడ్డు ముందుపొరను ఎండదెబ్బలా కమిలిస్తాయి. విచిత్రమేమంటే నొప్పి అప్పటికప్పుడు తెలియదు. ఆరేడు గంటలు గడిచి, నడిరాత్రి కళ్లలో ఇసుక పోసినట్లు మంట, ఎడతెగని నీరు మొదలవుతాయి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. బంగాళదుంప ముక్కలు కట్టుకోవడం వంటి చిట్కాలు చల్లగా ఉంటాయేమో గాని వైద్యం కావు. నొప్పి తెలియకుండా చేసే మత్తు చుక్కలను దుకాణంలో కొని పదేపదే వేసుకోవడం మరీ ప్రమాదం. అవి గాయం మానడాన్నే అడ్డుకుంటాయి.

ఈ బాధ వెల్డర్ కన్నా ఎక్కువగా అతని పక్కనున్న హెల్పర్‌కు కలుగుతుంది. వెల్డర్ అద్దం అడ్డు పెట్టుకుంటాడు, ముక్కను పట్టుకొని నిలబడిన కుర్రవాడు కళ్లు మూసుకొని ముఖం తిప్పుకుంటాడు. గోడ మీద, రేకు మీద పడి తిరిగివచ్చే కిరణాలు ఆ కళ్లను వదలవు. పనిచోటు చుట్టూ తెరలు కట్టాలని భద్రతా నియమాలు చెప్పడానికి కారణం ఇదే.

వెల్డింగ్ అద్దం అంటే నల్లగా ఉన్న ఏ అద్దమైనా కాదు. చలువ కళ్లద్దాలు బొత్తిగా పనికిరావు. అద్దం చీకటి స్థాయిని సంఖ్యతో సూచిస్తారు. విద్యుత్ వెల్డింగ్‌కు ఆంపియర్లను బట్టి సాధారణంగా 10 నుంచి 13 వరకు, గ్యాస్ పనికి అంతకన్నా తక్కువ సంఖ్య వాడతారు. కళ్లకు, ముఖానికి వేసుకునే ఈ రక్షణల నాణ్యతను ఐఎస్ 1179 ప్రమాణం నిర్ణయిస్తుంది. చేతితో పట్టుకొనే షీల్డు చవకైనది, కాని ఒక చేయి దానికే పోతుంది. ఎత్తున పనిచేసేవారికి పట్టుకోవడానికి ఇక చేయి మిగలదు. తలకు తగిలించుకొనే హెల్మెట్ ఆ ఇబ్బంది తీరుస్తుంది. చాపం వెలగగానే క్షణంలో వెయ్యోవంతు కన్నా తక్కువ వ్యవధిలో తనంత తానుగా నల్లబడే అద్దాలు ఇప్పుడు సాధారణ ధరల్లోకి దిగివచ్చాయి. అద్దం నల్లబడే లోపు కన్ను దెబ్బతింటుందన్న భయం చాలామందికి ఉంది. ప్రమాణాలకు లోబడి తయారైన అద్దంలో హానికర కిరణాలను ఆపే పొర ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. మారేది కంటికి కనిపించే కాంతి పాలు మాత్రమే.

కంటి బాధ రెండు రోజుల్లో తీరవచ్చు. పొగ సంగతి అలా కాదు. వెల్డింగ్ పొగలో ఇనుము, మాంగనీసు, స్టెయిన్‌లెస్ స్టీలైతే క్రోమియం, నికెల్ అతి సూక్ష్మమైన రేణువులుగా ఉంటాయి. 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమయ్యే వాటి మొదటి వర్గంలో చేర్చింది. అంతకు ముందు దానిని కారణం కావచ్చునన్న వర్గంలోనే ఉంచారు. మాంగనీసు దీర్ఘకాలం పీలిస్తే నరాల వ్యవస్థ దెబ్బతిని వణుకు, నడక తడబాటు రావచ్చు. జింకు పూత ఉన్న రేకులను అతికినవారికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. వారమంతా పనిచేస్తే శరీరం కొంత అలవాటుపడి, సెలవు తర్వాత మళ్లీ మొదలవుతుంది కనుక దీనికి సోమవారపు జ్వరమని పేరు కూడా వచ్చింది.

బెల్లం ముక్క తిన్నా, పాలు తాగినా పొగ కడిగేసినట్లు పోతుందన్న నమ్మకం పనిచోట్ల బలంగా ఉంది. తిన్నది వెళ్లేది కడుపులోకి, పొగ చేరేది ఊపిరితిత్తులలోకి. పాలు బలానికి మంచివే, పొగకు విరుగుడు కావు. ముఖానికి చుట్టుకొనే తుండుగుడ్డ కూడా మైక్రాన్ కన్నా చిన్న రేణువులను ఆపలేదు. ఎన్95 తరహా ముసుగు రేణువులను చాలావరకు ఆపుతుంది గాని వాయువులను ఆపదు. అన్నిటికన్నా మేలైనది పొగను ముఖం దాకా రానివ్వకుండా, పుట్టినచోటే గొట్టంతో లాగేయడం. చేయగలిగితే తల ఆ పొగ దారిలో లేకుండా కూర్చోవడం ఖర్చులేని జాగ్రత్త.

ట్యాంకుల్లో, పెద్ద గొట్టాల్లో, కొలిమి మార్గాల్లో పనిచేసేవారి పరిస్థితి ఇంకా సున్నితం. రక్షణ వాయువుగా వాడే ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా బరువైనవి. రంగు, వాసన లేకుండా అడుగున పేరుకొని ప్రాణవాయువును తోసేస్తాయి. మనిషి తనకేమి జరుగుతున్నదో గ్రహించేలోపే స్పృహ తప్పవచ్చు. అతనిని కాపాడాలని ఆదుర్దాగా దిగిన రెండో మనిషికీ అదే గతి పట్టడం ఇటువంటి ప్రమాదాల్లో తరచు జరుగుతుంది. లోపలికి వెళ్లేముందు గాలి పరీక్ష, లిఖిత అనుమతి, బయట ఒక మనిషి కాపలా తప్పనిసరి కావడం అందుకే. ఉక్కు కర్మాగారాల్లో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే పరికరం కూడా ఉండితీరాలి.

విద్యుత్ ఘాతం విషయంలో ఋతువుల ప్రభావం ఎక్కువ. చాపం వెలగనప్పుడు హోల్డర్ దగ్గర 50 నుంచి 80 వోల్టుల దాకా ఉంటుంది. పొడి చేతికి, పొడి తోలు గ్లౌజుకు అది పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. మే నెల ఎండలో చెమటతో తడిసిన గ్లౌజు, జులైలో నీళ్లు నిలిచిన నేల ఆ లెక్కను మార్చేస్తాయి. పని ఆగిన క్షణంలో వోల్టేజిని తగ్గించే చిన్న పరికరాన్ని యంత్రానికి అమర్చుకోవచ్చు. చాలా చిన్న షెడ్లలో అది కనిపించదు. తోలు కోటు, ఏప్రాన్, గ్లౌజులు, గట్టి ముక్కున్న బూట్లు, నూలు బట్టలు వేసుకోవాలని చెప్పడం తేలిక. నలభై డిగ్రీలు దాటిన వేడిలో తోలు తొడుక్కొని ఎనిమిది గంటలు కూర్చోవడం ఎంత కష్టమో తెలియనివారే కార్మికుల నిర్లక్ష్యాన్ని తప్పుపడతారు. నీడ, ఫ్యాను, తాగునీరు, నడుమ విరామం కూడా రక్షణ సామగ్రి కిందకే వస్తాయి.

ఎత్తున పనిచేసేవారికి నడుము బెల్టు చాలదు, ఒంటినంతటినీ పట్టే హార్నెస్ కావాలి. నైలాను తాడు నిప్పురవ్వ పడితే కరుగుతుంది కనుక వేడికి తట్టుకొనే తాడు వాడాలి. నిప్పురవ్వలు చాలా దూరం ఎగురుతాయి. సుమారు 11 మీటర్ల పరిధిలో మండే వస్తువులు లేకుండా చూడాలనీ, పని ముగిశాక కూడా కనీసం అరగంట కాపలా ఉండాలనీ అంతర్జాతీయంగా పాటించే పద్ధతి. గ్యాస్ కటింగ్‌కు వాడే నల్ల రంగు ఆక్సిజన్ సిలిండర్‌కు నూనె, గ్రీజు సోకనివ్వకూడదు. ముదురు ఎరుపు రంగు ఎసిటిలీన్ సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. అందులోని వాయువు అసిటోన్ అనే ద్రవంలో కరిగి ఉంటుంది. పడుకోబెడితే ఆ ద్రవం గొట్టంలోకి వస్తుంది. మంట వెనక్కి నడవకుండా ఆపే చిన్న అరెస్టరు గొట్టానికి ఉందో లేదో చూసుకోవడం ప్రాణాలతో ముడిపడిన సంగతి.

నియమం ఎవరిదాకా చేరుతుంది

కార్మిక సంక్షేమంలో జంషెడ్‌పూర్‌కు పాత పేరుంది. టాటా ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలులోకి వచ్చింది. ప్రమాద నష్టపరిహారం 1920లో మొదలైంది. దేశానికంతటికీ వర్తించే కార్మిక నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1948 నాటి కర్మాగారాల చట్టం 35వ సెక్షన్‌లో కళ్ల రక్షణను, 36వ సెక్షన్‌లో విషవాయువులున్న ఇరుకు ప్రదేశాల జాగ్రత్తలను యజమాని బాధ్యతగా నిర్ణయించింది. వెల్డింగ్, కటింగ్ పనుల భద్రతకు ఐఎస్ 818 పేరుతో ప్రత్యేక నియమావళి ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ పాత చట్టాలను తనలో కలుపుకొని, నిర్దేశించిన తరగతుల కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షను యజమాని విధుల్లో చేర్చింది.

చట్టాలకు కొరత లేదు. పెద్ద కర్మాగారం గేటు లోపల హెల్మెట్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. అదే పనిని ఉపకాంట్రాక్టు మీద తీసుకున్న షెడ్డులోకి, అక్కడి నుంచి రోజు కూలికి వచ్చిన కుర్రవాడి దాకా వెళ్లేసరికి నియమం పలుచబడుతుంది. ఐటీఐలో ఏడాదిపాటు వెల్డర్ ట్రేడు చదివినవారికి అద్దం సంఖ్య, సిలిండర్ రంగు, పొగ ప్రమాదం పాఠంగా తెలుస్తాయి. హెల్పర్‌గా చేరి చూసి నేర్చుకున్నవారికి గురువుకు తెలిసినంతే తెలుస్తుంది. ఆ గురువు తుండుగుడ్డ చుట్టుకుంటే శిష్యుడూ అదే చుట్టుకుంటాడు. మంచి షీల్డు, గ్లౌజులు, ముసుగు కలిపి కొన్నా వాటి ఖరీదు ఒక వెల్డింగ్ యంత్రం ధరలో చిన్న భాగమే. అవి కొనవలసింది యజమానే. చాలాచోట్ల వెల్డరే కొనుక్కుంటున్నాడు, లేదా కొనుక్కోవడం లేదు.

పని నాణ్యతను, మనిషి క్షేమాన్ని వేర్వేరు శాఖలు చూడటం మరో చిక్కు. తేమ పట్టిన రాడ్డు అతుకును పగలగొడుతుంది, తేమ పట్టిన గ్లౌజు మనిషిని పడగొడుతుంది. పొగ నిండిన గదిలో, మసకబారిన అద్దంలోంచి చూసేవాడికి కరిగిన లోహపు మడుగు అంచు సరిగా కనిపించదు. చిట్టెం లోపల చిక్కుకునేది అప్పుడే. తాళ్ల మీద వేలాడుతూ ఒక చేత్తో షీల్డు పట్టుకున్నవాడి చేయి వణికితే ఆ వణుకు అతుకులో నమోదవుతుంది. నాణ్యత అధికారి ఆ అతుకును కోయించి మళ్లీ వేయిస్తాడు. చేయి ఎందుకు వణికిందో ఆ నివేదికలో ఉండదు.

అతుకు చరిత్ర కట్టడంతోపాటు భద్రంగా ఉంటుంది. ఎక్స్‌రే ఫిల్మును దాచిపెడతారు, దాని మీద వెల్డర్ గుర్తు సంఖ్య ఉంటుంది. ఆ వెల్డర్ మాత్రం ఒక ప్రాజెక్టు ముగియగానే సంచి సర్దుకొని మరో రాష్ట్రానికి, మరో కాంట్రాక్టరు దగ్గరికి వెళతాడు. అతను ఎన్నేళ్లు ఏ లోహపు పొగ పీల్చాడో చెప్పే కాగితం అతని వెంట వెళ్లదు. పదేళ్ల తర్వాత దగ్గుతో ఆసుపత్రికి వెళితే వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నల్లో బీడీ, సిగరెట్టు ఉంటాయి, వృత్తి ఉండకపోవచ్చు. కొత్త కోడ్ కింద జరిగే వార్షిక పరీక్షల్లో ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీని చేర్చి, ఆ ఫలితాన్ని కార్మికుడి చేతికే ఇస్తే, తర్వాతి పనిచోటికి అతను దానిని తన అర్హత పత్రంతోపాటే తీసుకువెళ్లగలుగుతాడు. ఆ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు.